ముక్తాయింపు ఎవరి చేతిలో?: వీడియో గేమ్ సంగీత నిర్మాణం - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

సినిమా నేపథ్య సంగీతం రాసేవారికి సన్నివేశం నిడివి ముందే తెలుసు. వీడియో గేమ్ సంగీతం రాసేవారికి తెలియదు. ఒకే ఘట్టాన్ని ఒకరు పది సెకన్లలో దాటిపోవచ్చు, మరొకరు అరగంటసేపు అక్కడే తిరుగాడవచ్చు. ఈ అనిశ్చితి కారణంగా గేమ్ స్వరకర్త నైపుణ్యం బాణీ కల్పనలో కంటే ఖండికల మధ్య అతుకుల్లో, ముగింపును నిలిపి ఉంచే పద్ధతిలో ఎక్కువగా వ్యక్తమవుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ‘స్పేస్ ఇన్వేడర్స్’ (1978) మొదలు ‘బ్రెత్ ఆఫ్ ది వైల్డ్’ (2017) వరకు కొన్ని ప్రసిద్ధ గేముల సంగీతాన్ని, ప్రధానంగా కోజీ కోండో రచనలను, ఈ దృష్టితో పరిశీలిస్తుంది.

కీలకపదాలు: వీడియో గేమ్ సంగీతం, కోజీ కోండో, లూప్, ముక్తాయింపు, సంధి, సంగీత విశ్లేషణ.

ఉపోద్ఘాతం:

అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2023లో ‘సూపర్ మారియో బ్రదర్స్’ ప్రధాన బాణీని తన నేషనల్ రికార్డింగ్ రిజిస్ట్రీలో చేర్చింది. ఆ జాబితాలో చోటు దక్కిన తొలి వీడియో గేమ్ సంగీతం ఇదే. అదే సంవత్సరం గ్రామీ పురస్కారాల్లో గేమ్ సంగీతానికి ప్రత్యేక విభాగం ఏర్పడి, స్టెఫనీ ఎకానము తొలి విజేతగా నిలిచారు. విద్యారంగంలో ఈ ఆసక్తి మరికొంత ముందే మొదలైంది. కెరెన్ కాలిన్స్ రాసిన ‘గేమ్ సౌండ్’ గ్రంథం 2008లో వెలువడింది. ఈ రంగానికే పరిమితమైన పరిశోధన పత్రికను కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ముద్రణాలయం 2020లో ప్రారంభించింది.

గౌరవం దక్కింది, సరే. కాని ఆ గౌరవం ఏ రచనకు దక్కిందన్న ప్రశ్న మిగిలే ఉంది. గేమ్ సంగీతాన్ని మనం ఎక్కువగా వినేది ఆల్బమ్ రూపంలో. ఆల్బమ్‌లో ఒక లూప్ రెండుసార్లు తిరిగి, శబ్దం క్రమంగా సన్నగిల్లి ఆగిపోతుంది. ఆ సన్నగిల్లడం స్వరకర్త రాసినది కాదు. రచనకు అంతం లేదు కనుక రికార్డు చేసినవారు కల్పించిన సౌకర్యం అది. దీన్ని విని ‘తిప్పి తిప్పి అదే వస్తోంది’ అనే విమర్శకుడు గోడమీద వేలాడదీసిన తలుపును చూసి ఇది ఎటూ తెరుచుకోదేమని అడిగినవాడవుతాడు.

తెలుగులో సినిమా పాటను విశ్లేషించేటప్పుడు సాధారణంగా రాగం, తాళం, వాద్యసమ్మేళనం, సన్నివేశ ఔచిత్యం చూస్తాం. గేమ్ సంగీతం విషయంలో కూడా ఈ ప్రశ్నలు వేయవలసినవే. అవి చాలవు. ఎందుకు చాలవో నిరూపించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

యంత్రంలోని హార్మోనిస్టు:

నిడివి ముందుగా నిర్ణయం కాని సంగీతం మనకు కొత్తది కాదు. పద్యనాటకంలో నటుడు రాగాన్ని ఎంతసేపు సాగదీస్తాడో, ప్రేక్షకులు ‘వన్స్ మోర్’ అంటారో లేదో హార్మోనిస్టుకు ముందు తెలియదు. తెలియకపోయినా ఆయనకు ఇబ్బంది లేదు. నటుడి ఊపిరిని, చేతి కదలికను గమనిస్తూ శ్రుతి నిలుపుతాడు, అవసరమైనచోట అందుకుంటాడు, పద్యం ముగిసిన క్షణంలో ముగిస్తాడు. గేమ్‌లో ఆటగాడు నటుడి స్థానంలో ఉంటాడు కాని ఆ హార్మోనిస్టు ఉండడు. ఆయన చూపే వివేచననంతా స్వరకర్త ముందే ఊహించి, నియమాలుగా మార్చి యంత్రానికి అప్పగించాలి. గేమ్ సంగీత రచనలోని కష్టమంతా ఈ అప్పగింతలో ఉంది.

ఇందుకు అత్యంత సరళమైన నమూనా జపాన్‌లో టైటో సంస్థ కోసం తోమోహిరో నిషికాడో రూపొందించిన ‘స్పేస్ ఇన్వేడర్స్’. అందులో సంగీతం అనదగినవి నాలుగు మంద్రస్వరాలే. అవి మెట్లు దిగినట్లు దిగుతూ, మళ్లీ మొదటికి వస్తూ ఆగకుండా తిరుగుతాయి. తెరపై శత్రువులు తగ్గేకొద్దీ మిగిలినవారి వేగం పెరుగుతుంది, ఆ నాలుగు స్వరాల వేగమూ పెరుగుతుంది. శత్రువుల వేగం పెరగడానికి మూలకారణం సాంకేతికమైనది. గీయవలసిన బొమ్మలు తగ్గితే యంత్రానికి పని తగ్గి, మిగిలినవి త్వరగా కదిలాయి. నిషికాడో దాన్ని లోపంగా దిద్దక ఆటలో భాగంగా ఉంచారు. ఫలితంగా విలంబకాలం నుంచి ద్రుతానికి సాగే లయగమనం పూర్తిగా ఆటగాడి అధీనమైంది. శత్రువును కొట్టిన ప్రతిసారీ అతడు తనకు తెలియకుండానే టెంపో పెంచుతున్నాడు, అంటే తన మీద తానే ఒత్తిడి పెంచుకుంటున్నాడు. నాలుగు స్వరాలలో ఇంత నాటకీయత ఇమడడం సామాన్యం కాదు.

నలభై కిలోబైట్లలో ఒక రచన:

కోజీ కోండో 1984లో నింటెండో సంస్థలో చేరారు. మరుసటి సంవత్సరం వెలువడిన ‘సూపర్ మారియో బ్రదర్స్’ గేమ్ మొత్తం నలభై కిలోబైట్లలో ఇమిడింది. ఈ రోజు చరవాణిలో తీసే ఒక సాధారణ ఛాయాచిత్రం దీనికి ఎన్నో రెట్లు ఉంటుంది. బొమ్మలు, నియమాలు, శబ్దాలు, సంగీతం అన్నీ అందులోనే.

ఆ యంత్రంలో శబ్దానికి ఐదు ఛానెళ్లు ఉన్నాయి. రెండు పల్స్ తరంగాలు, ఒక త్రిభుజ తరంగం, ఒక రొద ఛానెల్, రికార్డు చేసిన చిన్న శబ్దాలకు మరొకటి. బాణీకి, దాని తోడుస్వరానికి రెండు పల్స్ ఛానెళ్లు, మంద్రానికి త్రిభుజ తరంగం, తాళవాద్యాల పనికి రొద. అంటే ఒక క్షణంలో వినిపించగల స్వరాలు మూడే. పల్స్ ఛానెళ్లకు శబ్దస్థాయిని పదహారు మెట్లలో మార్చవచ్చు, త్రిభుజ తరంగానికి ఆ సౌకర్యం కూడా లేదు. అది మోగుతుంది లేదా ఆగుతుంది. కనుక మంద్రంలో ఊనిక కావాలంటే బిగ్గరగా వాయించడం కుదరదు, స్వరాన్ని పొట్టిగా తుంచాలి. మారియో సంగీతంలో వినిపించే ఆ తుంపులు తుంపుల నడకకు ఈ పరిమితి కూడా ఒక కారణమని నా అభిప్రాయం.

మరొక చిక్కు ఉంది. మారియో ఎగిరినపుడు, నాణెం దొరికినపుడు మోగే శబ్దాలకు వేరే ఛానెళ్లు లేవు. అవి సంగీతం నుంచే ఒక పల్స్ ఛానెల్‌ను క్షణకాలం లాక్కుంటాయి. ఎప్పుడు లాక్కుంటాయో స్వరకర్తకు తెలియదు. రచనలో ఏ స్వరం ఏ క్షణంలో మాయమైనా మిగిలినవి నిలబడేలా రాయాలి. నాణెం శబ్దంలో రెండు స్వరాలున్నాయి, బి నుంచి ఇ కి. ప్రధాన బాణీ సి మేజర్‌లో ఉంది కనుక ఆ రెండూ దాని స్వరాలే. ఆటగాడు ఎప్పుడు నాణెం అందుకున్నా అపస్వరం పలకదు. మొదట రాసిన బాణీ మారియో కదలికలకు పొసగలేదని పక్కనపెట్టి మళ్లీ రాసినట్లు కోండో ముఖాముఖీల్లో చెప్పారు. పరుగు, గెంతు, నాణెం అన్నీ కలిసి ఒకే వాద్యబృందంగా వినిపించడానికి ఆ పునర్లేఖనమే కారణం కావచ్చు.

రూపం విషయానికి వస్తే, మెమరీ పొదుపు కోసం ప్రధాన బాణీని చిన్న చిన్న ఖండికలుగా భద్రపరచి, ఏది ఎప్పుడు రావాలో తెలిపే పట్టికను విడిగా ఉంచారు. అదే ఖండిక వేర్వేరు చోట్ల తిరిగి వాడుకోబడుతుంది. అందరికీ గుర్తుండే తొలి పదం మొదట్లోనే కాక మధ్యలో కూడా వచ్చి, పల్లవికి చేర్చే ఎత్తుగడలా పనిచేస్తుంది. ఆ పదం సి కార్డ్ మీద మొదలుకాదు. దానికి దూరంగా మొదలై, జి మీద ఆగి, తరువాతి ఖండికకు దారి తీస్తుంది. వినేవారికి అది ఆరంభంలా తోస్తుంది, నిర్మాణరీత్యా అది సంధి. రచన ఎక్కడ చుట్టు పూర్తిచేసుకుని మళ్లీ మొదలైందో చెవికి తట్టకపోవడానికి ఇలాంటి సంధులు రచన మధ్యలో కూడా ఉండడం ఒక కారణం. అతుకు ఒక్కచోటే ఉంటే కనిపిస్తుంది, అంతటా ఉంటే అది నేతలో భాగమవుతుంది.

ఇదే గేమ్‌లోని మిగిలిన బాణీలను త్వరగా చూసినా చాలు. నీటి అడుగు ఘట్టానికి మూడు మాత్రల వాల్ట్జ్. నేలమాళిగకు అష్టకాల దూరంలో జంటలుగా పలికే ఆరు స్వరాలు, తరువాత నిశ్శబ్దం. కోట ఘట్టానికి ఊపిరాడనివ్వని పొట్టి ఆవర్తం. గేమ్ గడియారంలో మిగిలిన అంకె 100కు చేరగానే హెచ్చరిక పదం మోగి, ఉన్న సంగీతమే వేగం పుంజుకుంటుంది. కొత్తగా ఒక్క స్వరం రాయకుండా సాధించిన మార్పు ఇది.

నిలిపి ఉంచిన ముక్తాయింపు:

పాశ్చాత్య సంగీతంలో వాక్యాంతాన్ని సూచించే కార్డుల నడకను కేడెన్స్ అంటారు. మన మృదంగ విద్వాంసులు ముక్తాయింపుతో చేసే పని కూడా ఇటువంటిదే. వినేవారిలో పేర్చిన నిరీక్షణను ఒక స్థానంలో దించడం దాని ప్రయోజనం. లూప్ రాసేవారికి ఇది పెద్ద సమస్య. ముక్తాయింపు బలంగా ఉంటే ప్రతి చుట్టులోనూ రచన ముగిసిపోయి మళ్లీ మొదలైనట్లు ఉంటుంది, అసలు లేకపోతే సంగీతం ఎటూ పోనట్లు ఉంటుంది.

కొందరు ఈ సమస్యను రచన ఎంపికతోనే తప్పించుకున్నారు. గేమ్‌బాయ్ యంత్రంపై ‘టెట్రిస్’ (1989) కోసం హిరోకాజు తనకా ‘కొరొబేనికి’ అనే రష్యన్ జానపద గీతాన్ని అమర్చారు. చరణం తరువాత చరణం అదే బాణీలో పాడుకునే పాట అది. పునరావృత్తి దాని పుట్టుకలోనే ఉంది కనుక లూప్ చేసినా వికృతం కాలేదు.

కోండో ఎంచుకున్న దారి మరింత సూక్ష్మం. మారియో ప్రధాన బాణీ రెండవ ఖండిక చివర ఏ ఫ్లాట్, బి ఫ్లాట్ కార్డుల మీదుగా సి కార్డ్‌కు చేరుతుంది. పాఠ్యపుస్తకాల్లో చెప్పే జి నుంచి సి కి వచ్చే ముగింపు మార్గం ఇది కాదు. ముగింపు స్ఫురిస్తుంది, అయినా తలుపు గట్టిగా మూసుకోదు, సంగీతం ముందుకు సాగిపోతుంది. ఆటగాడు ఘట్టం పూర్తిచేసి జెండా స్తంభాన్ని అందుకున్నపుడు మోగే విజయగీతిక నడక గమనించండి. సి తో మొదలై, ఏ ఫ్లాట్, బి ఫ్లాట్‌లను విస్తరించి, సి మీద నిలిచి ఆగుతుంది. లూప్‌లో లీలగా వినిపించి దాటిపోయిన అదే మార్గం ఇక్కడ నిండుగా, నిర్ద్వంద్వంగా పలుకుతుంది. అంటే రచనకు ముక్తాయింపు ఉంది. దాన్ని లూప్ బయట ఉంచి, జెండా స్తంభానికి కట్టారు. ఆటగాడు అక్కడికి చేరినపుడే అది దక్కుతుంది, చేరకపోతే దక్కదు. నైపుణ్యం తక్కువైనవారికి ఈ సంగీతం నిజంగానే అసంపూర్ణం.

ఆల్బమ్‌లో ప్రధాన బాణీ ఒక శీర్షికగా, విజయగీతిక కొన్ని క్షణాల మరొక శీర్షికగా విడివిడిగా ఉంటాయి. వాటి మధ్య ఉన్న ఈ నిర్మాణ సంబంధం ఆ అమరికలో మాయమవుతుంది. ఆల్బమ్ ఆధారంగా చేసే విశ్లేషణ తప్పిపోయేది ఇక్కడే.

అడ్డు అమరిక, నిలువు అమరిక:

మెమరీ పెరిగాక స్వరకర్తలు ఆటలోని మార్పులకు సంగీతాన్ని మరింత దగ్గరగా ముడివేయడం మొదలుపెట్టారు. ఇందుకు స్థూలంగా రెండు మార్గాలు ఏర్పడ్డాయి. ఖండికలను ఒకదాని తరువాత ఒకటి పేర్చే క్రమాన్ని మార్చడం మొదటిది. ఒకేసారి మోగే పొరలను పెంచడం, తగ్గించడం రెండవది.

మొదటి మార్గంలో తొలి పెద్ద ప్రయత్నం లూకాస్‌ఆర్ట్స్ సంస్థలో మైఖేల్ ల్యాండ్, పీటర్ మెకానెల్ రూపొందించిన ఐమ్యూజ్ వ్యవస్థ. దీన్ని ‘మంకీ ఐలాండ్ 2’ (1991)లో వాడారు, 1994లో పేటెంట్ కూడా లభించింది. వుడ్‌టిక్ అనే ఊరిలో ఆటగాడు ఒక్కో గదిలోకి వెళ్లినపుడు ఊరి బాణీ ఆ గదికి తగిన రూపంలోకి మారుతుంది, బయటికి రాగానే ఒక చిన్న వంతెన పదం మీదుగా తిరిగి ప్రధాన బాణీని కలుస్తుంది. సంగీతాన్ని కత్తిరించకుండా, తగిన స్థానం వచ్చేవరకు యంత్రం ఆగుతుంది. ఆగడం ఎలాగో యంత్రానికి తెలియాలంటే ఎక్కడెక్కడ దారి మళ్లవచ్చో స్వరకర్త ముందే గుర్తులు పెట్టాలి, ఒక్కో మలుపుకు ఒక్కో వంతెన రాయాలి. సంధి సూత్రాలు రాయడమంటే ఇదే.

ఎంతసేపు ఆగాలన్నది ఇక్కడ అసలు సమస్య. నిమిషానికి 120 మాత్రల వేగంతో, బార్‌కు నాలుగు మాత్రల చొప్పున సాగే సంగీతంలో ఒక బార్ రెండు సెకన్లు. మార్పు బార్ చివరనే జరగాలని నియమం పెడితే ఆటగాడు రెండు సెకన్లవరకు ఆగాలి. ఎనిమిది బార్ల ఖండిక చివరనే జరగాలంటే పదహారు సెకన్లు. అంతలో శత్రువు వచ్చి దెబ్బకొట్టి పోయి ఉంటాడు. పోనీ ఏ మాత్ర మీదైనా మారవచ్చంటే స్పందన వెంటనే వస్తుంది కాని సంగీత వాక్యం తెగిపోతుంది. సంగీతపు మర్యాదకు, ఆట అవసరానికి మధ్య ఈ బేరం ప్రతి గేమ్‌లోనూ ఉంటుంది.

‘ది లెజెండ్ ఆఫ్ జెల్డా: ఒకరినా ఆఫ్ టైమ్’ (1998)లో హైరూల్ మైదానానికి కోండో రాసిన సంగీతం ఈ మార్గంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోస్తుంది. ఆ మైదానం విశాలమైనది. ఆటగాడు దాన్ని పదేపదే దాటాలి. ఒకే లూప్ పెడితే విసుగు తప్పదు. కోండో ఎనిమిదేసి బార్ల ఖండికలు అనేకం రాసి, యంత్రం వాటిని యాదృచ్ఛిక క్రమంలో ఎంచుకునేలా చేశారు. శత్రువు దగ్గరైతే ఉద్రిక్త ఖండికలు, ఆటగాడు కదలక నిలిస్తే నెమ్మదైన ఖండికలు వస్తాయి. రాత్రి సంగీతం ఉండదు, తెల్లవారగానే మళ్లీ మొదలవుతుంది. 2007లో గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్‌లో చేసిన ప్రసంగంలో కోండో ఈ పద్ధతిని వివరించారు.

దీని కష్టం తెలియాలంటే ఒక పాత వినోదంతో పోల్చాలి. పాచికలు వేసి సంగీతం కూర్చే ఆట పద్దెనిమిదవ శతాబ్ది ఐరోపాలో ప్రచారంలో ఉండేది. కిర్న్‌బెర్గర్ 1757లో ఇటువంటి పుస్తకం ప్రచురించారు. అందులో ఒక్కో స్థానానికి అనేక ప్రత్యామ్నాయాలు ఉంటాయి, పాచిక ఒకదాన్ని ఎంచుతుంది. మొదటి స్థానానికి రాసినది చివరి స్థానంలోకి రాదు కనుక ఆరంభం ఆరంభంలా, ముగింపు ముగింపులా ఉంటాయి. హైరూల్ మైదానంలో ఆ వెసులుబాటు లేదు. ఒకే మనఃస్థితికి చెందిన ఏ ఖండిక తరువాతనైనా మరేదైనా రావచ్చు. కనుక ప్రతి ఖండిక చివర ప్రతి ఖండిక మొదలుతో అతకాలి. అలాగని అన్నీ ఒకేలా మొదలై ఒకేలా ముగిస్తే మార్చిన ప్రయోజనమే ఉండదు. ఈ ఇరుకులో విడివిడి స్వభావం గల ఖండికలు రాయడం సామాన్యమైన విద్య కాదు.

రెండవ మార్గమైన పొరల అమరికకు చక్కని తొలి ఉదాహరణ కోండోదే. ‘సూపర్ మారియో వరల్డ్’ (1990)లో మారియో యోషీ అనే జంతువునెక్కగానే సంగీతంలో బోంగో డ్రమ్ములు వచ్చి చేరతాయి, దిగగానే తొలగిపోతాయి. బాణీ మారదు. ‘బాంజో-కజూయీ’ (1998)లో గ్రాంట్ కర్క్‌హోప్ మంత్రగత్తె గుహ బాణీని ఆటగాడు చేరువైన లోకానికి తగ్గ వాద్యాలకు మార్చుతూ పోయారు.

‘రెడ్ డెడ్ రిడెంప్షన్’ (2010) కోసం బిల్ ఎల్మ్, వుడీ జాక్సన్ దీన్ని ఒక కఠిన నియమంగా మార్చారు. మైదానాల్లో మోగే సంగీతాన్ని అంతటినీ ఏ మైనర్‌లో, నిమిషానికి 130 మాత్రల వేగంతో రాశారు. అప్పుడు ఏ పొర మీద ఏ పొర పడినా పొసగుతుంది. మాత్ర అర సెకను కంటే తక్కువ, బార్ రెండు సెకన్ల కంటే తక్కువ కనుక మార్పు కోసం నిరీక్షణ కూడా కొద్దిదే. కార్డుల ప్రగతి మీద ఆధారపడిన పాశ్చాత్య స్వరకర్తకు ఇది చాలా పెద్ద త్యాగం. కార్డులు స్వేచ్ఛగా మారితే పొరలు ఒకదానితో ఒకటి ఢీకొంటాయి. ఒకే ఆధార శ్రుతి, ఒకే తాళం మీద గంటలకొద్దీ సంగీతం నడిపే సంప్రదాయంలో పెరిగిన మనకు ఈ నియమం వింతగా తోచదు. అయితే పోలిక అక్కడితో ఆగుతుంది. మన సంగీతంలో ఆ స్థిరత్వం మీద గమకం, సంచారం, మనోధర్మం పనిచేస్తాయి. పొరల సంగీతంలో వాటి స్థానాన్ని వాద్యాల రంగు, సాంద్రత పూరించాలి. పూరించలేనపుడు మిగిలేది మందమైన రొద. ‘రెడ్ డెడ్’ గెలిచింది వాద్యాల ఎంపికలో. ఆ పద్ధతిని అనుసరించిన అనేక రచనల్లో ఆ శ్రద్ధ కనబడదు.

ఎఫ్‌మాడ్, వైజ్ వంటి ఉపకరణాలు వచ్చాక పొరలను, షరతులను అమర్చడం తేలికైంది. కాని స్పందించడం దానంతటదే గుణం కాదు. శత్రువు ఉన్నంతసేపు డ్రమ్ములు మోగి, చివరివాడు పడగానే ఆగిపోతే సంగీతం రహస్యాన్ని బయటపెడుతుంది. పొదలో ఇంకెవరైనా దాగి ఉన్నారేమోనన్న భయం ఆటగాడికి అక్కరలేకుండా పోతుంది. ఆటతో మరీ దగ్గరగా నడిచే సంగీతం ఆటకే నష్టం చేసే సందర్భం ఇది. ‘బ్రెత్ ఆఫ్ ది వైల్డ్’ (2017)లో మనాకా కతావోకా బృందం మైదానాల్లో లూప్‌ను దాదాపు విడిచిపెట్టింది. దీర్ఘ నిశ్శబ్దం, ఉండి ఉండి కొన్ని పియానో పదాలు, మళ్లీ గాలి శబ్దం. పాత జెల్డా గేముల ఘనమైన మైదాన సంగీతం కోసం ఎదురుచూసిన అభిమానుల్లో కొందరు నిరాశపడ్డారు. పదుల గంటలు ఒంటరిగా తిరగవలసిన ప్రపంచానికి కావలసిన నిడివి లెక్క మాత్రం ఆ నిశ్శబ్దంలోనే సరిపోయిందని నేననుకుంటాను.

పరిశోధనకు కావలసిన సామగ్రి:

ఈ సంగీతంపై పనిచేయదలచిన పరిశోధకులు రచనకు ఒకే పాఠం ఉంటుందన్న భావనను పక్కనపెట్టాలి. ‘ఒకరినా’ ఆల్బమ్‌లో హైరూల్ మైదానం ఒక స్థిరమైన వరుసలో వినిపిస్తుంది. అది సాధ్యమైన అనేక వరుసల్లో ఒకటి. దాన్ని స్వరలిపిలో రాసి, ఖండికల క్రమానికి భావోద్వేగ వివరణ ఇచ్చే వ్యాసం లేని ఉద్దేశాన్ని కోండోకు అంటగడుతుంది. ఒకే ఘట్టాన్ని పలుమార్లు, వేర్వేరు నైపుణ్యం గలవారితో ఆడించి రికార్డు చేయాలి. ఏ చర్య ఏ మార్పును తెచ్చిందో, ఎక్కడ సంధి జరిగిందో, ఆ సంధిలో ఏ స్వరం నుంచి ఏ స్వరానికి దాటిందో నమోదు చేయాలి. జానపద గాథకు అనేక పాఠాంతరాలు సేకరించి పరిష్కరించేవారికి ఈ శ్రమ కొత్తకాదు. పాత యంత్రాల గేముల విషయంలో ఇంకొక సౌలభ్యం ఉంది. వాటి ఛానెళ్లను ఒక్కొక్కటిగా ఆపి వినిపించే ఎమ్యులేటర్లు ఉన్నాయి. మారియో ప్రధాన బాణీలో ఒక పల్స్ ఛానెల్‌ను ఆపి ఒకసారి, త్రిభుజ తరంగాన్ని ఆపి మరొకసారి విన్న విద్యార్థికి ఆ మూడు స్వరాల మధ్య పని విభజన ఏమిటో ఒక తరగతి గంటలో తెలుస్తుంది. ఆ తరువాత ఎవరైనా ఆడుతుండగా వినిపించి, ఏ నాణెం ఏ స్వరాన్ని మింగిందో రాసుకోమంటే మరుసటి గంటకు పని సిద్ధం.